తాత సైకిల్‌ది ఏ కంపెనీ? ఆదివారాల రిపేరు డైరీ

నవంబర్ 3

హాలియా దగ్గర మా ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పుతున్నారంటే పొద్దున్నే నల్లగొండ నుంచి బయల్దేరి పోయాను. నేను పోయేసరికి దూలాలు ఒక పక్క, తలుపులు ఒక పక్క, ఇనుప సామాను ఒక పక్క పడి ఉన్నాయి. ఆ ఇనుప కుప్పలో బావి గిలకకూ విరిగిన నాగలి కర్రుకూ మధ్య తాత సైకిల్.

నాయిన అప్పటికే బేరం చేసేశాడు. "నీకెందుకురా అది, మొత్తం తుప్పు వట్టింది. ఇరవై కిలోలుంటది, కిలో ముప్ఫై లెక్కన తీస్కపోతనంటున్నడు."

ఆరు వందలు నాయిన చేతిలో పెట్టి నేనే కొన్నాను. ఆయన లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు కూడా.

ట్రాలీ ఆటోలో ఎక్కించే ముందు చూసుకుంటే పరిస్థితి ఇదీ: ముందు టైరు లేదు, వెనకది చేత్తో పట్టుకుంటే పొడి అవుతోంది. సీటుకు స్ప్రింగులు మాత్రమే ఉన్నాయి. వెనక రాడ్ బ్రేకు లేదు, దాని జాగాలో బైండింగ్ వైరు. హ్యాండిల్ ఎటూ తిరగడం లేదు. పెడల్ రబ్బర్లు పోయినప్పుడు తాత తుమ్మకర్ర ముక్కలు చెక్కి బిగించాడు, అవి మాత్రం చెక్కుచెదరలేదు. వీటన్నిటి మీదా బ్రష్‌తో కొట్టిన ఆకుపచ్చ పెయింటు. ఫ్రేము, రిమ్ములు, హబ్బులు, ఆఖరికి బెల్లు కూడా అదే పచ్చ. ఏ కంపెనీయో చెప్పే అక్షరం ఎక్కడా లేదు.

"ర్యాలీయే," అన్నాడు నాయిన. "అప్పట్ల ఉన్నదే ర్యాలీ." ఫోన్‌లో మేనత్త మాత్రం హంబర్ అని ఖాయంగా చెప్పింది. పక్కింటి పెద్దాయన హెర్క్యులిస్ అన్నాడు. కట్నంలో సైకిల్, వాచీ, రేడియో పెట్టిన రోజుల మనుషులు వీళ్లు. ఎవరి మనసులో ఏ సైకిల్ ఉండిపోయిందో ఆ పేరే చెబుతున్నారనిపించింది.

అత్త చెప్పినదాంట్లో పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. "మన కాలువల మొదటిసారి నీళ్లొచ్చిన ఏడు కొన్నడు బాపు. కొత్తది కాదు, ఎవలో కాలువ పని మీద వచ్చినాయన దగ్గర." సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అప్పటికే సెకండ్ హ్యాండ్ అంటే బండి అంతకంటే పాతది. ఎంత పాతదో బండే చెప్పాలి.

నవంబర్ 10

ఇవాళ ఒక్క నట్టు కూడా విప్పలేదు. ఫొటోలు తీశాను, కొలతలు రాసుకున్నాను.

ఫ్రేము ఎత్తు పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం అంచు దాకా 24 అంగుళాలు. తాత పొడుగు మనిషి. చక్రాలు 28 × 1½. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక దానికి 40. ఇది పాత ఇంగ్లండ్ పద్ధతి, మన దేశంలో ఇప్పటికీ నల్ల సైకిళ్లకు ఇదే లెక్క. కాబట్టి దీన్నిబట్టి వయసు కట్టలేం. లాభమేమిటంటే ఈ సైజు టైర్లు ఇవాళ కూడా ఏ మండల కేంద్రంలో అడిగినా దొరుకుతాయి. టైరు పక్కన 40-635 అని ఉంటే అదే.

పేరు లేని బండిని గుర్తుపట్టాలంటే మొదట చూసేది చైన్ వీలు, అంటే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం. పాత కంపెనీలు దాని మీదే సంతకం పెట్టేవి. ర్యాలీ చైన్ వీలులో కొంగ తలలు కనిపిస్తాయి. బీఎస్ఏ దాంట్లో ఆ మూడు అక్షరాలే ఉంటాయి. హెర్క్యులిస్ వాళ్లు పేరునే అక్షరం అక్షరం కోసి పెట్టేవాళ్లు. మా బండి చైన్ వీలు గీకి చూస్తే ఐదు సాదా చువ్వలు, 44 పళ్లు, అంతే. పైగా పచ్చ కింద వేరే రంగే లేదు. అంటే పచ్చ కొట్టడానికి కొంచెం ముందే మార్చిన డూప్లికేట్ అది. దొంగ ఇంటి తాళం మార్చి పోయినట్టు ఉంది నా పని.

రెండోది ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టే కవ, దాని పైభాగం. ర్యాలీకి రెండు చివర్లా టోపీల్లాంటి గుండ్రటి మూతలుంటాయి. హంబర్ పాత మోడళ్లకు ఫోర్కు ఒక్కో పక్కా రెండేసి గొట్టాలతో జంటగా ఉంటుంది, దూరం నుంచే పోల్చుకోవచ్చు. మా దానికి ఒక్కొక్క గొట్టమే, పైన చదునుగా ఉంది. అత్తకు ఫోన్ చేసి హంబర్ కాదని చెప్పాను. "నీకేం తెలుసురా, నువ్వు పుట్టలే అప్పటికి," అంది. నిజమే. కానీ ఫోర్కును కూడా మార్చి ఉండొచ్చు కదా అన్న అనుమానం నాకే మిగిలింది.

నవంబర్ 17

కాటర్ పిన్నుల రోజు. పెడల్ క్రాంకును ఇరుసుకు బిగించే ఈ చీలలు ఏళ్ల తరబడి తుప్పు పట్టి కూర్చుంటే అవి ఊడటం కన్నా పన్ను ఊడటం సులువు. రెండు రోజులుగా డీజిల్‌లో, ఆయిల్‌లో తడుపుతూనే ఉన్నాను. (ఇదివరకు ఈ పనికి కిరోసిన్ వాడేవాళ్లు, ఇప్పుడు ఎక్కడ దొరుకుతోంది?) ఇవాళ సుత్తి తీసుకుని నాలుగు దెబ్బలు వేసేసరికి కుడి పిన్ను మర పుట్టగొడుగు లాగా విచ్చుకుంది. పిన్ను ఇంచు కూడా కదలలేదు.

గడియారం సెంటర్ వెనక సందులో ఒక చాచా ఉన్నాడు. డెబ్బై దాటినాయన. ఇప్పుడు ఎక్కువగా పిల్లల సైకిళ్లకు గాలి కొట్టడం, పంక్చర్లే. నేను ఫ్రేము భుజాన వేసుకుని పోగానే లేచి నిలబడ్డాడు.

"సుత్తితోని కొట్టినవా?"

"కొట్టిన చాచా."

"కింద ఏం పెట్టకుండనే కొట్టినవా? దెబ్బంతా ఛర్రల మీదికి పోతది బేటా, పిన్నుకు తాకదు."

ఆయన చేసిన పని చూడండి. అర అడుగు ఇనుప గొట్టం ముక్కను నిలువుగా నేల మీద పెట్టాడు. క్రాంకును దాని మీద ఆనించాడు, పిన్ను తల సరిగ్గా గొట్టం బొక్కలోకి దిగేలా. ఇప్పుడు దెబ్బ నేలకు పోతుంది, చాచా ఛర్రలు అన్న బేరింగు గుండ్లకు పోదు. విచ్చుకున్న మరను ఆకురాయితో కొంచెం అరగదీసి, దాని మీద ఇత్తడి ముక్క పెట్టి ఒకే ఒక్క దెబ్బ. పది చిన్న దెబ్బలు కాదు, ఒక్కటే నిండు దెబ్బ. టక్ మని జారిపోయింది. ఎడమ దానికి రెండు పట్టాయి, దానికి ఆయనే నొచ్చుకున్నాడు.

"మా అబ్బ దుకాణంల కిరాయి సైకిళ్లుండె, ఇరవై," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "రాత్రి లైట్ లేకుంటే పోలీసోళ్లు గాలి తీసేటోళ్లు. తెల్లారి మేం వరసగా గాలి కొట్టుకునుడే."

ఎడమ పెడల్ మర ఉల్టా, కుడి వైపు బీబీ (పెడల్ ఇరుసు తిరిగే గొట్టం) కప్పు మర కూడా ఉల్టా అని రెండుసార్లు చెప్పి పంపాడు. ఎడమ పెడల్ సంగతి నాకు తెలుసు. కప్పు సంగతి తెలియదు. చెప్పకపోతే పానాతో ఇంకా గట్టిగా బిగించి చూడీలు, అంటే మర గాట్లు, పాడు చేసేవాణ్ని.

నవంబర్ 24

ఇవాళ జరిగింది రాయబుద్ధి కావడం లేదు.

పచ్చ పెయింటు తీస్తున్నాను. పచ్చ కింద నలుపు, నలుపు కింద ఇంకో నలుపు. లోపలి నలుపు వేరే జాతి, గాజులా మెరుస్తోంది. అది బట్టీలో కాల్చిన ఫ్యాక్టరీ ఎనామెల్. దాని మీద వెంట్రుక మందం బంగారు గీతలు కూడా అక్కడక్కడా ఉన్నాయి. హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింది నిలువు గొట్టం) మీద ఒకదాని కింద ఒకటి రెండు చిన్న బొక్కలు, పుట్టీతో మూసినవి. ఒకప్పుడు అక్కడ కంపెనీ బిళ్ల ఉండేదన్న మాట. ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆ సంబరంలో కింది గొట్టం మీదికి పోయి 220 నంబరు వాటర్ పేపర్‌తో జోరుగా రుద్దుతున్నాను. నీళ్లలో బంగారు రంగు కనిపించింది. గీతే అనుకున్నాను. ఇంకో నాలుగు రుద్దులు రుద్దాక తుడిచి చూస్తే గొట్టం చివర్న ఒక ఇంగ్లిష్ అక్షరం. ఎస్. దానికి ముందున్న జాగా అంతా నున్నగా, పసుపు మరకలా ఉంది. కంపెనీ పేరు అక్కడే ఉండింది. యాభై ఏళ్లు పచ్చ పెయింటు కింద భద్రంగా ఉన్నదాన్ని నా చేతులతో నేనే అర నిమిషంలో తుడిచేశాను.

చాలాసేపు ఆ మరకను టార్చి లైటు పక్క నుంచి పట్టుకుని చూశాను. ఏమీ లేదు. వాటర్ పేపర్ కాకుండా పేపర్ బ్లేడును ఏటవాలుగా పెట్టి పై పొర మాత్రమే పెచ్చులుగా లేపాల్సింది. ఫ్యాక్టరీ ఎనామెల్ గట్టిది, బ్రష్ పెయింటు మెత్తది, రెండూ విడిపోతాయి. పక్కన అంగుళం జాగాలో అలా చేసి చూస్తే చక్కగా విడిపోయాయి. మీరెవరైనా పాత సైకిల్ పెయింటు తీస్తుంటే కింది గొట్టం దగ్గర మాత్రం వాటర్ పేపర్ ముట్టుకోకండి.

ఇక మిగిలిన ఆ ఒక్క అక్షరంతో లెక్క వేద్దామని కూర్చుంటే హెర్క్యులిస్ ఎస్‌తో ముగుస్తుంది. ఫిలిప్స్ ఎస్‌తో ముగుస్తుంది. అట్లాస్ కూడా ఎస్‌తోనే ముగుస్తుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ర్యాలీ మాత్రం కాదు. నాయినకు ఇంకా చెప్పలేదు.

డిసెంబర్ 1

సీటు కింది లగ్గు (గొట్టాలు కలిసే కీలు) మీద నంబరుంది. తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ ములుకుతో రుద్దితే ఐదు అంకెలు తేలాయి, ముందున్న ఒకటో రెండో తుప్పు తినేసింది. కంపెనీ తెలియకుండా నంబరు ఉన్నా ఇంటి పేరు లేని డోర్ నంబరు లాంటిదే. రాసి పెట్టుకున్నాను.

వెనక హబ్బు మీది గ్రీజు ముద్దలు తీస్తే చిన్న అక్షరాల్లో మేడ్ ఇన్ ఇంగ్లండ్, బర్మింగ్‌హామ్ అని. నూనె పోయడానికి చిన్న క్లిప్పు మూత కూడా ఉంది. మా బావమరిది చూసి "ఫారిన్ బండి బావా, లక్షలు వస్తయి" అన్నాడు. రావు. ఆ కాలంలో బర్మింగ్‌హామ్ అంటే సైకిల్ సామాన్ల ఊరు. బీఎస్ఏ లాంటి పెద్ద కంపెనీలు కూడా విడి సామాన్లు అమ్మేవి, వాటితో చిన్న చిన్న వాళ్లు బండి కట్టి తమ పేరు వేసుకునేవాళ్లు. మన దగ్గరికీ విడి సామాన్లు ఓడల్లో వచ్చేవి. హబ్బు ఇంగ్లండ్‌ది అయినంత మాత్రాన ఫ్రేము ఇంగ్లండ్‌ది కానక్కర్లేదు.

ఇండియాలో తయారీ చూస్తే మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది, హెర్క్యులిస్ వాళ్లదే, ఫిలిప్స్ కూడా వాళ్ల చేతికే వచ్చింది. సోనీపత్‌లో అట్లాస్ 1951లో. 1967కు ముందే ఒకరు వాడి అమ్మేశారంటే వీటిలో ఏదైనా కావచ్చు, ఇంగ్లండ్‌లో తయారైన హెర్క్యులిస్ అయినా, ఫిలిప్స్ అయినా కావచ్చు.

డిసెంబర్ 8

ర్యాలీ గొడవ ఇవాళ్టితో తీరిపోయింది.

నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీల బీబీ కప్పు మరలు అంగుళానికి 26. మిగతా ఇంగ్లండ్ కంపెనీలవి 24. కంటికి రెండూ ఒకటే. మర కొలిచే గేజి నా దగ్గర లేదు. ఎడమ కప్పు విప్పి డీజిల్‌లో కడిగి, స్కేలు పక్కన పెట్టి, అర అంగుళంలో ఎన్ని వస్తాయో సూది మొనతో ఒక్కొక్కటే లెక్కపెట్టాను. 24 లెక్కయితే పన్నెండు రావాలి, 26 లెక్కయితే పదమూడు. మొదటిసారి పన్నెండు, రెండోసారి పదమూడు, మూడోసారి కళ్లజోడు తుడుచుకుంటే పన్నెండు.

చాచా దగ్గరికి పోతే ఈ లెక్కలేవీ వినలేదు. డబ్బాలోంచి కొత్త కప్పు ఒకటి తీసి, మరకు రెండు చుక్కల నూనె వేసి, రెండు వేళ్లతో తిప్పాడు. చివరిదాకా హాయిగా ఎక్కింది. "ర్యాలీ అయితే రెండు చుట్లు తిరిగి పట్టేస్తది. జబర్దస్తీ తిప్పితే చూడీలు ఖరాబ్."

బేరింగులు కూడా ఆయన దగ్గరే తీసుకున్నాను. బీబీకి, వెనక హబ్బుకు పావు అంగుళం ఛర్రలు, ముందు హబ్బుకు చిన్నవి. పాత ఛర్రలను అరచేతిలో వేసి చూస్తే కొన్ని గుడ్డు ఆకారానికి వచ్చాయి.

సాయంత్రం నాయినకు ఫోన్‌లో చెప్పాను, ర్యాలీ కాదని. కాసేపు మాట్లాడలేదు. "అయితే బాపును ఎవడో మోసం చేసిండు," అన్నాడు.

డిసెంబర్ 22

రెండు వారాలు తుప్పు తోనే సరిపోయింది. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, లీటరుకు ఒక చెంచా బట్టల సోడా. కాస్టిక్ సోడా కాదు, దుకాణంలో అడిగేటప్పుడు జాగ్రత్త. పాత బ్యాటరీ ఛార్జర్ నలుపు వైరు సైకిల్ సామానుకు, ఎరుపు వైరు పనికిరాని ఇనుప చువ్వలకు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. కాసేపట్లో సన్నగా బుడగలు లేస్తాయి, అది హైడ్రోజన్, అందుకే ఆరుబయటే పెట్టాను, దగ్గర్లో బీడీ కాల్చనివ్వలేదు. చువ్వల జాగాలో స్టీలు గిన్నెలూ చెంచాలూ వాడొద్దు, అందులోని క్రోమియం విషమై నీళ్లలో దిగుతుంది.

ఒక రాత్రి ఉంచి తీస్తే తుప్పు నల్లటి బురదలా మారి బ్రష్‌కే ఊడొచ్చింది. మర్నాడు కడగకుండా వదిలేసిన ఒక స్టాండు గంటలో మళ్లీ ఎర్రబారింది. తీయగానే కడిగి, తుడిచి, ఎండలో పెట్టి, నూనె పట్టించాలి.

బెల్లుకు ఇవేవీ అక్కర్లేదు. పచ్చ రంగు గీకేస్తే కింద ఇత్తడి. మా ఆవిడ చింతపండు, ఉప్పు వేసి దీపపు కుందులతో పాటు తోమి ఇచ్చింది.

జనవరి 5

పెయింటు అయింది. మంచులో వేస్తే ఎనామెల్ మసకబారుతుందని ఒకసారి చెడగొట్టుకున్నాకే తెలిసింది. రెండోసారి మధ్యాహ్నం ఎండలో వేశాను. ఎస్ అక్షరం చుట్టూ అంగుళంన్నర జాగా టేపు వేసి వదిలేశాను, దాని మీద క్లియర్ లక్క మాత్రమే.

గీతల కోసం బోర్డులు రాసే ఆర్టిస్టును పిలిచాను. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గినా చెయ్యి తగ్గలేదు. పొడుగాటి కుచ్చు బ్రష్‌ను ఒక్కసారి ముంచి, చిటికెన వేలును గొట్టానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే లాగుడు. తర్వాత అడిగాడు.

"పేరేం రాయాలె సార్?"

"ఏం లేదు."

"పేరు లేకుంటే బోసిగుంటది. ర్యాలీ అని రాస్తా, ఎవరడుగుతరు?"

వద్దన్నాను. డబ్బులు తీసుకుంటూ కూడా ఆ ఖాళీ గొట్టం వైపే చూశాడు.

జనవరి 12

చక్రాలు చాచావే. పుల్లలు అల్లడం నేను చేశాను, బెండు తీయడం ఆయన. ఫోర్కుకు వేలు ఆనించి, ఆ వేళ్ల మధ్య సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పుతాడు. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ సుద్ద గీత పడుతుంది. గీత పడ్డచోట ఎదురు పక్క పుల్లలు అర చుట్టు బిగింపు, ఇటు పక్కవి అర చుట్టు వదులు. నేను చేస్తే గీతలు తిరిగి తిరిగి వేరే చోట పడుతున్నాయి. ఆయన చేతిలో అవి పొట్టివై, చుక్కలై, పోయాయి.

వెనక రాడ్ బ్రేకు సెట్టు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో కొన్నాను. సీటుకు మోచీ దగ్గర మందపు తోలు వేయించాను, ఇంకా బండరాయిలా ఉంది. తుమ్మకర్ర పెడళ్లు మార్చలేదు.

జనవరి 19

పొద్దున్నే పానగల్లు దాకా తొక్కాను. 44 పళ్లకు 18 పళ్ల ఫ్రీవీల్, ఒక్క చుట్టుకు ఐదున్నర మీటర్లు పోతుంది. చదునులో దూసుకుపోయింది, ఉదయ సముద్రం కట్ట ఎక్కేచోట దిగి నడిపించాను. కట్ట మీద పంచె కట్టిన ఒక పెద్దాయన ఆపాడు. చేత్తో హ్యాండిల్ తడిమి, బెల్లు కొట్టి చూసి, "మంచి ర్యాలీ," అన్నాడు. అవునన్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఎడమ కాలు కింద టక్, టక్ అని మొదలైంది. ఇంటికొచ్చి చూస్తే కాటర్ నట్టు వేలితో తిరుగుతోంది. కొత్త పిన్ను కొంచెం తొక్కాక లోపలికి కూర్చుంటుందని, అప్పుడు మళ్లీ బిగించాలని చాచా చెప్పాడు. గొట్టం ముక్క కింద పెట్టి, ఇత్తడి ముక్క మీద పెట్టి, ఒక్క దెబ్బ. నట్టు ఒకటిన్నర చుట్టు ఎక్కింది. కుడిది రేపు చూడాలి. చైన్ కవర్ ఇంకా దొరకలేదు.